గోరింటాకు పండుట ఎట్లు?

ఆషాఢమాసము వచ్చినదనగా మన ఇండ్లలో గోరింటాకు నూరుట వాడుక. ఒకరి చేయి మంకెనపువ్వువలె పండగా, ప్రక్కవారి చేయి నారింజవన్నె దగ్గరనే ఆగిపోవుటయు కద్దు. బాగుగా పండిన పిల్లకు మంచి మగడు వచ్చునని పెద్దలు ముచ్చటగా అందురు. చేయి పండుటకు కారణము మాత్రము జాతకము కాదు, రసాయనశాస్త్రము.

నలపని ఆకును ఎంతసేపు పట్టుకొన్నను చేతికి రంగంటదు. రంగునకు మూలమైన పదార్థము చక్కెరతో జతగూడి ఆకులో దాగియుండును. ఆకు నలిగినప్పుడు ఆ జత విడిపోవును. గాలిలోని ఆమ్లజని సోకి లాసోన్ అను రంగుపదార్థము ఏర్పడును. ఇది చర్మము పైపొరలోని కెరాటిన్ అను మాంసకృత్తుతో రసాయనికముగా కలిసిపోవును. కావుననే కడిగినను పోదు. ఆ పొర క్రమముగా రాలినప్పుడే పోవును. అరచేతులలో, అరికాళ్లలో ఈ పొర మందముగా నుండుటచే అచ్చట రంగు ముదురుగా నుండును. చేతి వెలుపలివైపున లేతగా నుండును. గోటి రంగు గోరు పెరిగి, కత్తిరించువరకు నిలుచును.

మరి ముదురుగా పండవలెనన్న ఏమి చేయవలెను? ఆకును వెన్నవలె మెత్తగా నూరవలెను. కొద్దిగా చింతపండుగాని నిమ్మరసముగాని చేర్చిన, ఆ పులుపు రంగు నిలకడగా వెలువడుటకు తోడ్పడును. ఎండిన ముద్దనుండి రంగు చర్మములోనికి దిగదు. కనుక చక్కెర కలిపిన నిమ్మరసమును పైన అద్దుచు, ఆరేడు గంటలు తడి ఆరకుండ ఉంచవలెను. చేతులు వెచ్చగా నుండవలెను. చలికి రంగు మందగించును. పిమ్మట నీటితో కడుగక, ముద్దను గీకివేసి, ఒక దినము సబ్బు తగులకుండ చూచుకొనవలెను. తీసినవెంటనే నారింజవన్నె కనబడినచో నిరాశపడరాదు. గాలి సోకినకొలది అది రెండు దినములలో ముదురు ఎరుపునకు తిరుగును.

ఈ ఓపిక లేనివారికొరకే అంగళ్లలో గంటలో నల్లగా పండించు ముద్దలు వెలసినవి. గోరింటాకునకు నల్లరంగు స్వభావము కాదు. అట్టి ముద్దలలో తరచుగా జుట్టు రంగులలో వాడు పారాఫినిలీన్ డయమీన్ అను రసాయనము కలిపియుండును. దానివలన కొందరికి చర్మము పొక్కి, మచ్చలు మిగులును. ఒకమారు అది పడనివారికి పిదప జుట్టు రంగు వేసికొన్నను జీవితాంతము బాధ తప్పకపోవచ్చును.

పసికందుల విషయమున స్వచ్ఛమైన ఆకుకూడ నిరపాయము కాదు. జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతో లోపించిన శిశువులకు దీనివలన ఎర్ర రక్తకణములు చిట్లి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ లోపము పైకి కనబడదు. కావున వారికి పెట్టకుండుటే క్షేమము.

తక్కినవారు రెండు దినములు ఓపిక పట్టి, పెరటి ఆకునే నమ్ముకొనుట మేలు.