పొద్దుకు ముందే మడికొండ

భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. కాజీపేటను ఆనుకుని ఉన్న మడికొండ ఆ రేఖకు దాదాపు మూడు డిగ్రీలు పడమరన ఉండటం వల్ల, భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక, అక్కడి మెట్టుగుట్ట మీద పొద్దు గడియారం లెక్కకు సుమారు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుంది. ఆ పొడుపు కూడా జూన్ మొదట్లో 5.35 ప్రాంతంలో, జనవరిలో 6.45 ప్రాంతంలో జరుగుతుంది కాబట్టి వేకువను ఒకే అంకెకు కట్టివేయడం కుదరదు. సంప్రదాయం చెప్పే బ్రాహ్మీ ముహూర్తం, అంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలపాటు సాగే కాలం, పొద్దుతోపాటే జరుగుతూ ఉంటుంది.

మడికొండ ఉన్న ఓరుగల్లు ప్రాంతంలో మే నెల ఎండ తరచూ 40 డిగ్రీలు దాటుతుంది గనుక ఇక్కడ వేకువ పని నీతిబోధ కంటే ముందు వాతావరణం విధించిన అవసరం. వానాకాలం నాట్ల వేళ కూడా కూలీలు పొద్దెక్కకముందే నారుమడిలో దిగి, మొక్కలను వేళ్లతో పీకి, బురద కడిగి, కట్టలుగా కట్టి పొలంలో అక్కడక్కడా వేసుకుంటారు; ఎండ ముదిరేసరికి సగం నాటు పూర్తయి ఉంటుంది.

శరీరానికీ ఇలాంటి లెక్కే ఉంది. కంటిలో పడే ఉదయపు వెలుగు మెదడులోని ఒక చిన్న కణసమూహానికి చేరి, నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోన్‌ను అణచి, దేహంలోని జీవ గడియారాన్ని, అంటే నిద్రనూ ఆకలినీ ఇరవైనాలుగు గంటల క్రమంలో నడిపే అంతర్గత ఏర్పాటును, రోజూ సరిచేస్తుంది. ఈ గడియారం నడకను పండ్ల ఈగల జన్యువుల్లో గుర్తించినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

అయితే నిద్రను కోసి తెచ్చుకున్న ఉదయానికి విలువ లేదు. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి గనుక ఐదింటికి లేవదలచినవారు పదింటికల్లా పడుకోవాలి, లేచాక చేయవలసిన పనిని ముందురాత్రే నిశ్చయించుకోవాలి. లేదంటే ఆ మొదటి గంటను చేతిలోని ఫోన్ మింగేస్తుంది. కాజీపేట జంక్షన్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చే రైల్వే కార్మికునికి మాత్రం ఉదయం చేయదగిన ఉత్తమమైన పని చీకటి గదిలో నిద్రపోవడమే.

గృహిణుల విషయం మరింత ఆలోచించదగినది. వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గు వేసి, వంట చేసి, పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దే స్త్రీ తరతరాలుగా అందరికంటే ముందే లేస్తున్నా ఆ వేకువలో ఆమెకు చదువుకోవడానికో, నడవడానికో సమయం చిక్కదు. ఆమెకంటూ అరగంట మిగలాలంటే రాత్రి అంట్లూ పొద్దుటి డబ్బాలూ ఇంట్లో అందరూ పంచుకోవాలి.