బొప్పాయిని బతికించిన జీన్ సైలెన్సింగ్

బొప్పాయి వేసిన రాయలసీమ రైతులకు రింగ్ స్పాట్ తెగులు గురించి వేరే చెప్పనక్కరలేదు. పేనుబంక ఈ వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. ఆకులు పసుపుబారి ముడుచుకుంటాయి. కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు పడతాయి. సోకిన చెట్టుకు మందు లేదు. పీకి తగలబెట్టడమే.

అమెరికాలోని హవాయి దీవుల్లో ఇదే తెగులు 1950లలో ఓహు దీవి తోటలను దెబ్బతీసింది. దాంతో బొప్పాయి సాగు పక్క దీవిలోని పూనా ప్రాంతానికి తరలింది. 1992లో వైరస్ అక్కడికీ చేరింది. ఆరేళ్లలో దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. ఎందరో రైతులు సాగు మానుకున్నారు.

అయితే హవాయిలోనే పుట్టిన శాస్త్రవేత్త డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం అంతకు ముందే పరిశోధన మొదలుపెట్టింది. వైరస్ పైతొడుగు ప్రోటీన్‌కు చెందిన జన్యువును వారు బొప్పాయి కణాల్లో చేర్చారు. రైతుల కమిటీ పేటెంట్ అనుమతులు సంపాదించింది. ‘రెయిన్‌బో’, ‘సన్‌అప్’ రకాల విత్తనాలను 1998 మే నెలలో రైతులకు ఉచితంగా పంచారు. తోటలు మళ్లీ నిలబడ్డాయి.

శత్రువు జన్యువే రక్షణ ఎలా అయింది? జన్యువులోని ఆదేశం ఆర్‌ఎన్‌ఏ అనే నకలు రూపంలో కణానికి అందుతుంది. ఈ నకలు మామూలుగా ఒంటి పోగు. అది జంట పోగుగా కనిపిస్తే కణం ప్రమాదాన్ని పసిగట్టి దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను ఆనవాలుగా పెట్టుకుని, అదే వరుస ఉన్న ప్రతి ఆర్‌ఎన్‌ఏనూ నరికివేస్తుంది. ఈ వైరస్ జన్యు సమాచారమంతా ఆర్‌ఎన్‌ఏలోనే ఉంటుంది. అందుకే అది చెట్టులోకి వచ్చినా పెరగలేదు. జన్యువు ఆదేశాన్ని ఇలా అణచివేయడమే జీన్ సైలెన్సింగ్. పురుగుల్లో ఈ విధానాన్ని వివరించిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి పండు తినవచ్చా అని సందేహం రావచ్చు. తెగులు సోకిన మామూలు బొప్పాయిలోనూ ఆ వైరస్ ప్రోటీన్ ఉంటుంది. జనం దాన్ని ఎప్పటినుంచో తింటూనే ఉన్నారు. జపాన్ కూడా పరిశీలించి 2011లో ఈ పండ్ల దిగుమతికి తలుపు తెరిచింది.

ఒక పరిమితి మాత్రం ఉంది. వరుస కలిస్తేనే రక్షణ. హవాయి వైరస్‌ను తట్టుకున్న రెయిన్‌బో, థాయిలాండ్, తైవాన్ వైరస్ రకాలకు లొంగిపోయింది. కనుక ఆ విత్తనం తెచ్చి ఇక్కడ నాటితే సరిపోదు. మన వైరస్‌కు మన దగ్గరే పరిశోధన జరగాలి. పైగా జన్యుమార్పిడి బొప్పాయి సాగుకు మన దేశంలో అనుమతి లేదు. అంతవరకు ఆరోగ్యమైన నారు, పేనుబంక అదుపు, తెగులు చెట్లను వెంటనే తీసివేయడం, ఇవే మన రైతుకు దిక్కు.