ఆఫీసు టికెట్ల సాఫ్ట్‌వేర్‌ని మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చా? అప్‌డేట్ వచ్చిన రోజు ఏమవుతుంది?

ఫోన్ రూట్ చేసి సిస్టమ్ ఫైళ్లు మార్చినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఆ తర్వాత ఓటీఏ అప్‌డేట్ వస్తే చాలా ఫోన్లలో అది ఇన్‌స్టాల్ కాదు. ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్‌తో వచ్చిన బ్లాక్ ఆధారిత అప్‌డేట్ పద్ధతిలో, సిస్టమ్ పార్టిషన్ కంపెనీ ఇచ్చినట్టే ఉందా లేదా అని ముందు చెక్ చేస్తారు. కొంచెం తేడా ఉన్నా అప్‌డేట్ అక్కడే ఆగిపోతుంది.

దాదాపు ఇదే సమస్య కంపెనీల ఐటీ విభాగాల్లోనూ ఉంది. ల్యాప్‌టాప్ మొరాయించినా, వీపీఎన్ కనెక్ట్ కాకపోయినా ఆఫీసులో మనం టికెట్ పెడతాం కదా! దాని వెనక నడిచేదే ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. షార్ట్‌గా ఐటీఎస్ఎం. సర్వీస్‌నౌ, జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్, చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ వారి ఫ్రెష్‌సర్వీస్, జోహో వారి సర్వీస్‌డెస్క్ ప్లస్ ఇలాంటివే. అమీర్‌పేటలో సర్వీస్‌నౌ కోర్సు నేర్చుకుని ఈ ఫీల్డ్‌లోకి వచ్చిన మనవాళ్లు కూడా ఉన్నారు. మరి డబ్బు పెట్టి కొన్న ఈ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ని ఉన్నది ఉన్నట్టు వాడాలా, మనకు కావలసినట్టు మార్చుకోవాలా? వివరంగా చూద్దాం.

కాన్ఫిగరేషన్ వేరు, కస్టమైజేషన్ వేరు

ఈ రెండు మాటల్ని చాలామంది కలిపేస్తుంటారు. ఫోన్‌లో వాల్‌పేపర్, లాంచర్, నోటిఫికేషన్ సెట్టింగులు మార్చడం కాన్ఫిగరేషన్. కంపెనీ మనకోసమే పెట్టిన ఆప్షన్లు అవి. ఐటీఎస్ఎంలో అయితే ఏ టికెట్ ఏ టీమ్‌కి వెళ్లాలి, ఎన్ని గంటల్లో తేలాలి, ఎవరి అప్రూవల్ కావాలి, ఎవరికి మెయిల్ పోవాలి అని సెట్ చేయడం ఈ కోవలోకి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన అసలు స్క్రిప్టులను తెరిచి అందులో మన కోడ్ రాయడం కస్టమైజేషన్. ఇది రూట్ చేయడం లాంటిది.

అప్‌గ్రేడ్ రోజు జరిగేది ఇదీ

సర్వీస్‌నౌ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు విడుదల చేస్తుంది. సపోర్ట్ ఇచ్చేది ప్రస్తుత వెర్షన్‌కి, దాని ముందుదానికి మాత్రమే. అంటే అప్‌గ్రేడ్‌ని ఎక్కువ కాలం వాయిదా వేయడం కుదరదు.

అప్‌గ్రేడ్ సమయంలో, కంపెనీవాళ్లు మార్చిన రికార్డు కనిపిస్తే సిస్టమ్ దాన్ని ముట్టుకోకుండా పక్కన పెడుతుంది. వీటినే స్కిప్డ్ రికార్డులు అంటారు. ఫోన్‌లో అయితే అప్‌డేట్ మొత్తం ఆగిపోతుంది కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ మిగతాదంతా అప్‌డేట్ అవుతుంది, మార్చిన ముక్క మాత్రం పాతగానే ఉండిపోతుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం. ఆ ముక్కకి వచ్చిన బగ్ ఫిక్స్, ఒక్కోసారి సెక్యూరిటీ ఫిక్స్ కూడా మీకు అందకపోవచ్చు. లిస్టు చూసి, ఒక్కొక్కదానికీ మన మార్పు ఉంచాలా, ఒరిజినల్‌కి వెళ్లాలా, రెండూ కలపాలా అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ కోడ్ రాసిన మనిషి ఉద్యోగం మారి వెళ్లిపోతే? దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

జిరా సర్వర్ వాడిన కంపెనీలకు ఇంకో అనుభవం. అట్లాసియన్ 2024 ఫిబ్రవరి 15న సర్వర్ ఎడిషన్‌కి సపోర్ట్ ఆపేసింది. సర్వర్ మీద సొంతంగా రాసుకున్న ప్లగిన్లు క్లౌడ్‌లో ఉన్నవి ఉన్నట్టు నడవవు. క్లౌడ్‌కి మారాలంటే మళ్లీ రాయాలి, లేదా వదిలేయాలి.

అసలు ఆ మార్పు అవసరమా?

ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. "వెండర్ దగ్గర పెండింగ్" అనే కొత్త స్టేటస్ కావాలని ఓ టీమ్ అడుగుతుంది. వినడానికి చిన్న విషయమే. కానీ కొత్త స్టేటస్ పెడితే, ఆ సమయంలో గడియారం ఆపాలా అన్న ఎస్ఎల్ఏ రూల్, రిపోర్టులు, మెయిళ్లు అన్నీ సరిచేయాలి. నిజానికి సర్వీస్‌నౌలో 'ఆన్ హోల్డ్' అనే స్టేటస్, దాని కింద కారణాల లిస్టులో 'వెండర్ కోసం ఎదురుచూపు' ముందే ఉన్నాయి! ఉన్న ఫీచర్ తెలియక కొత్తది కట్టడం అంటే ఇదే.

చట్టం కోసం అయితే తప్పదు కదా అంటారు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడులు, డేటా లీకుల లాంటివి తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి. దీనికి కూడా అసలు కోడ్ మార్చనక్కర్లేదు. అలాంటి టికెట్లకి 6 గంటల ఎస్ఎల్ఏ, ఒక టెంప్లేట్, సెక్యూరిటీ టీమ్‌కి ముందస్తు హెచ్చరిక మెయిల్ పెడితే సరిపోతుంది. అంతా కాన్ఫిగరేషనే.

అలాగని అస్సలు మార్చకూడదా?

అలా కూడా అనను. ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్న మనిషికి ఇరవై ఫీల్డుల ఫారం ఇస్తే, ఆయన టికెట్ పెట్టడు. తెలిసిన ఐటీ కుర్రాడికి వాట్సాప్ మెసేజ్ పెడతాడు. అప్పుడు ఏ సమస్య ఎన్నిసార్లు వస్తోందో లెక్కే ఉండదు. ఫారం చిన్నది చేయడం, తెలుగులో సూచనలు రాయడం లాంటివి తప్పకుండా చేయాలి.

కోడ్ రాయాల్సి వస్తే మాత్రం నేను మూడు ప్రశ్నలు అడగమంటాను.

1. ఇది వ్యాపారానికో చట్టానికో నిజంగా అవసరమా, లేక "పాత టూల్‌లో ఇలాగే ఉండేది" అన్న అలవాటా?
2. ఉన్న సెట్టింగులతో ఈ పని అవుతుందేమో ఎవరైనా పూర్తిగా చూశారా?
3. వచ్చే అప్‌గ్రేడ్‌లో దీన్ని టెస్ట్ చేసే బాధ్యత ఎవరిది? పేరుతో సహా చెప్పగలరా?

మూడింటికీ సరైన జవాబు ఉంటే ముందుకెళ్లండి. అప్పుడు కూడా ఒరిజినల్ స్క్రిప్ట్‌ని కదపకుండా, విడిగా ఒక యాప్‌గా కట్టండి. కొత్త వెర్షన్‌లో ఒకసారి టెస్ట్ చేయడం తప్పదు కానీ, స్కిప్డ్ లిస్టు మాత్రం పెరగదు.

గూగుల్ కూడా 2017లో ప్రాజెక్ట్ ట్రెబుల్‌తో ఇదే దారి పట్టింది. ఫోన్ తయారీదారుల భాగాన్ని ఆండ్రాయిడ్ అసలు భాగం నుంచి వేరు చేసింది, అప్‌డేట్లు తేలికవ్వాలని.

ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్లకి ఒక మాట. స్క్రిప్టింగ్ నేర్చుకోండి, మంచిదే. దానికంటే ముందు బాక్స్‌లో వచ్చిన ఫీచర్లన్నీ నేర్చుకోండి. మేనేజర్ మార్పు అడిగినప్పుడు "ఇది ఇందులో ముందే ఉంది సార్" అని చూపించగలిగితే, కంపెనీకి డబ్బు, మీ టీమ్‌కి అప్‌గ్రేడ్ వారాంతాలు రెండూ మిగులుతాయి.