ఏజెన్సీ గ్రామసభ: అంకెల్లో ఎంత అధికారం?

రంపచోడవరం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద 2022 నాటికి 7 మండలాలుండేవి: రంపచోడవరం, దేవీపట్నం, మారేడుమిల్లి, వై.రామవరం, అడ్డతీగల, గంగవరం, రాజవొమ్మంగి. ఇక్కడి కొండరెడ్ల, కోయదొరల గూడేలకు రోడ్డు కావాలన్నా, తాగునీరు కావాలన్నా, పోడు భూమికి పట్టా కావాలన్నా ముందుగా నోటికొచ్చే పేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి (పీవో). చట్టం మాత్రం మొదటి మాట గ్రామసభదే అంటోంది. ఆ మాటకు ఎంత బలముందో అంకెల్లో చూద్దాం.

3 అంచెలు, 3 ఊళ్లు

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పాలనకు మూడంచెలు: గ్రామ పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్. 2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలకు ఏప్రిల్ 8న పోలింగ్ జరిగినా, కోర్టు వివాదాల వల్ల ఓట్లు లెక్కించింది సెప్టెంబరు 19న.

2022 ఏప్రిల్ 4న రంపచోడవరం తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. అప్పట్లో కలెక్టరేట్ పాడేరులో ఉండేది. పాత జిల్లాకు ఎన్నికైన జడ్పీ కాకినాడలోనే కొనసాగింది. ఐటీడీఏ ఉన్నది రంపచోడవరంలో. కూలి మానుకుని ఇన్ని ఊళ్లలోని ఆఫీసులు తిరగడం గిరిజనుడి వల్ల అయ్యేది కాదు. అతని గుమ్మం దగ్గరే కూడే ప్రభుత్వం గ్రామసభ ఒక్కటే.

1996: గూడేనికీ ఒక సభ

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 243ఎం అధికరణ ఈ ఏజెన్సీ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాలను దాన్నుంచి మినహాయించింది. 1996 డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం ప్రత్యేక షరతులతో పంచాయతీ వ్యవస్థను అక్కడికీ విస్తరించింది. అందుకు తగ్గట్టు రాష్ట్ర చట్టాన్ని 1998లో సవరించారు. నియమాలు వచ్చింది మాత్రం 2011లో.

పెసా ప్రకారం తమ వ్యవహారాలను సంప్రదాయం ప్రకారం చక్కబెట్టుకునే గూడెం కూడా గ్రామమే. దానికీ గ్రామసభ ఉండాలి. అభివృద్ధి ప్రణాళికను ఆమోదించేది, పథకాల లబ్ధిదారులను గుర్తించేది ఆ సభే. ఖర్చయిన సొమ్ముకు పంచాయతీ వినియోగ ధ్రువపత్రం తీసుకోవాల్సింది కూడా దాని దగ్గరే. ఈ ప్రాంతాల్లో సర్పంచి, ఎంపీపీ పదవులు నూటికి నూరు శాతం ఎస్టీలవే. ఈ రిజర్వేషన్‌ను 2010లో జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

100 రూపాయల్లో 40

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతాన్ని ముందే రెండు పనులకు కట్టేసింది: 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు. అందులోంచి జీతాలు, ఆఫీసు ఖర్చులు తీయకూడదు.

ఉదాహరణకు ఒక పంచాయతీకి 5 లక్షలు వచ్చాయనుకుందాం. తాగునీటికి లక్షన్నర, పారిశుద్ధ్యానికి లక్షన్నర పోతే చేతిలో మిగిలేది 2 లక్షలు. కొండమీది గూడేనికి సిమెంటు రోడ్డు వేయడానికి ఆ డబ్బు ఏ మూలకూ రాదు. వాగు మీద చిన్న కల్వర్టా, వీధి దీపాలా అన్నది సభలో తేల్చుకోవాలి. సభ కూడకపోతే ఆ నిర్ణయం ఎవరో ఒకరు చేసేస్తారు.

120 మందిలో 60

పోడు భూమి విషయంలో లెక్క ఇంకా గట్టిది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు, హక్కు కోరవచ్చు. దరఖాస్తులు తీసుకుని పరిశీలన మొదలుపెట్టే అధికారం గ్రామసభది. 2012 సవరణ తర్వాత సభ్యుల్లో కనీసం సగం మంది హాజరైతేనే కోరం. వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. హక్కులపై తీర్మానం చేసేటప్పుడు దరఖాస్తుదారుల్లో సగం మందైనా, స్వయంగానో ప్రతినిధుల ద్వారానో, ఉండాలి.

120 మంది వయోజనులున్న గూడెంలో 60 మంది రావాలి. సరిగ్గా 60 మందే వస్తే అందులో 20 మంది ఆడవాళ్లు ఉండాలి. 30 మంది దరఖాస్తు పెట్టి ఉంటే 15 మంది కనిపించాలి. ఒక్కరు తగ్గినా కోరం లేనట్టే. ముందే తీర్మానం రాసి, ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు పెట్టిస్తే అది గ్రామసభ కాదు.

భూసేకరణలోనూ సభ మాటకు విలువుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సమ్మతి ఉండాలని 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. పోలవరం ప్రాజెక్టు ముంపును చూసిన దేవీపట్నం మండలానికి ఆ సమ్మతి విలువ ఎంతో ఒకరు చెప్పనక్కర్లేదు.

అడగాల్సినవి 3

ఈసారి సభ కూడినప్పుడు మూడు అడగండి. ఈ ఏడాది ఎంత డబ్బు వచ్చింది, ఏ పనికి ఎంత ఖర్చయింది? వినియోగ ధ్రువపత్రం ఏ తేదీ సభలో ఇచ్చాం? ఆ రోజు ఎంతమంది వచ్చారు, వారిలో ఆడవాళ్లెందరు? ఈ మూడింటికీ జవాబు తీర్మానాల పుస్తకంలో ఉండాలి. లేకపోతే ఆ ధ్రువపత్రానికి ఒప్పుకోకుండా ఆపే హక్కు ఊరికుంది. చట్టం ఇచ్చిన ఈ హక్కును వాడుకోవడానికి పీవో అనుమతి అక్కర్లేదు. సగం ఊరు వచ్చి కూర్చుంటే చాలు.