జపానుదేశపు టింట అతిథిగా నుండుట

అతిథిని ఆదరించుట మన స్త్రీలకు చిన్ననాటనుండియు అలవడిన విద్యయే. పరుల యింట అతిథియై మెలగుట మాత్రము వేఱుగా నేర్వవలసిన విద్య. విద్యార్థమై జపానునకు బోవు మన బాలికలలో కొందఱు అచ్చటి సంసారుల యిండ్లలో కొన్నాళ్లు బసచేయుచున్నారు. అట్టివారికిని, వారిని పంపు తల్లులకును ఉపకరించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జపాను గృహమున అడుగిడగనే ‘గెన్‌కాన్’ అను ముంగిటిచోట పాదరక్షలు విడువవలెను. ఇది మనకు క్రొత్త గాదు. లోపల తొడుగుకొనుటకు మెత్తని జోళ్లిత్తురు. ‘తతామి’ చాపలు పఱచిన గదిలో వానినిగూడ విడువవలెను. మఱుగుదొడ్డికి వేఱు జోళ్లుండును. వానిని అచ్చటనే విడిచి రావలెను.

స్నానపుతొట్టిలోని వేడినీరు ఒడలు తోముకొనుటకు గాదు. తొట్టి వెలుపల సబ్బుతో శుభ్రముగా కడుగుకొని, పిమ్మట అందు దిగి కూర్చుండవలెను. సాధారణముగా ఆ నీటిలోనే యింటివారందఱును ఒకరి తరువాత నొకరు దిగుదురు. తొలివంతు అతిథికిచ్చుట వారి మర్యాద. నీటిని వదలివేయకుండుట అతిథి మర్యాద.

భోజనారంభమున ‘ఇతదాకిమస్’ అనియు, ముగిసినపిదప ‘గొచిసోసమ’ అనియు పలుకుదురు. తినుపుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. మృతులకు అన్నము నివేదించు విధమది.

ఇక ముఖ్యవిషయము. శాకాహారనియమము గలవారు “మాంసము తినము” అని చెప్పిన చాలదు. సోయాచిక్కుడుగింజల ముద్దతో కాచు ‘మిసో’ పులుసు చూపునకు శాకమువలెనే యుండును. కాని దానికి మూలమైన ‘దాషి’ యను రసమును తఱచుగా ఎండుచేప తునుకలతో కాచుదురు. గృహిణి ప్రేమతో నుంచిన గిన్నెను పీటకడ త్రోసివేసిన ఆమె మనసెంత నొచ్చును! త్రాగిన మన నియమ మేమగును!

కావున బయలుదేఱుటకు ముందే జాబు వ్రాయుడు: “చేపయు, చేపరసమును గూడ పుచ్చుకొనము” అని స్పష్టముగా తెలుపుడు. ‘కొంబు’ అను సముద్రపునాచుతోను, ఎండు పుట్టగొడుగులతోను దాషి కాచుట ఆ దేశమున నున్నదే. బౌద్ధమఠముల వంట యట్టిదే. మనము కోరునది వారెఱుగని వింత గాదు.

ముందుగా తెలిపిన నియమమును ఏ గృహిణియైనను మన్నించును. పీటమీద తెలిపినదే ఆమెకు అవమానమగును. మన కుమార్తెలకు పెట్టె సర్దునపుడే యీ మాట చెప్పి పంపుదము.