పోటునీటి బాట

వాడరేవు ఒడ్డున నిలిచి, ఒకదానివెంట నొకటి విరిగిపడు కెరటములను చూచువానికి, పెద్ద ఓడ యిచ్చటి యిసుకదరికి సూటిగా రాజాలదనియు, దూరముననే లంగరు దించి సరకును చిన్నపడవల కెత్తవలసినదే యనియు వేరుగ చెప్పనక్కరలేదు. తుపాను మాసములలో ఆపాటి సాహసమును చెల్లదు. చెన్నపట్టణమునకును పూర్వమిదే చిక్కు. కడలిమీద పోజాలని పడవకు కడలిప్రక్కనే నీటిబాట త్రవ్వవలెనను ఊహ అందుండియే పుట్టినది.

1806లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు పట్టణమునుండి ఎన్నూరువరకు తొలికాలువ త్రవ్వించెను. పిదప ప్రభుత్వము దానిని గైకొని, పులికాటు మీదుగా ఉత్తరమునకు జరపుచు, తుదకు మన పెదగంజాము కడ కొమ్మమూరు కాలువతో కలిపినందున, కృష్ణాడెల్టా పడవ సముద్రపు మొగము చూడకయే చెన్నపట్టణము చేరగలిగినది. పట్టణమధ్యమున కూవము, అడయారు నదులకు నడుమ మిగిలిన అయిదుమైళ్ల లంకెను 1877-78లో, ధాతకరువున ఆకలిగొన్న కూలీలచేత త్రవ్వించిరి. కాలువకు మాత్రము గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. తట్ట మోసినవారి పేరు పెట్టుట ఆనాటి వాడుక కాదు.

ఇది నదివలె ఎగువనుండి దిగువకు పారునది కాదు. పోటువేళ సముద్రము ఏటిమొగలగుండ లోనికి త్రోయు ఉప్పునీరే దీని ప్రాణము. పడవలు నడచిన దినములలో, ఆటు రాగానే ఆ నీరు జారిపోకుండ లాకుల తలుపులు మూసి నిలుపవలసియుండెను. లాకనగా రెండుజతల తలుపుల నడిమి తొట్టి. పడవ జొచ్చినపిదప వెనుకతలుపులు మూసి, ముందరి తూము లెత్తి, లోపలినీరు అవతలి కాలువమట్టముతో సమమగువరకు వేచి, అటుపిమ్మట ముందరి తలుపులు తెరతురు. బొగ్గు లేదు, ఆవిరి లేదు. బరువుపడవ నెత్తుటకును దింపుటకును నీరే చాలును. గాలి అనుకూలించిన తెరచాప, లేనిచో గట్టువెంట మోకు లాగు మనుష్యుల భుజములు! తీరపు కొటార్ల ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు ఇట్లే పట్టణము చేరినవి.

రైలును లారీయు సరకును తన్నుకొనిపోయినవి. 1965-66, 1976 తుపానులు గట్లు తెంచి పూడిక నింపినవి. పట్టణము తన మురుగునంతయు అందులోనికే విడిచి, చాలదన్నట్లు 1990ల దశకమున ఆకాశరైలు స్తంభములను దాని గర్భముననే నాటినది. త్రవ్వినవారి శ్రమ కింతకన్న అవమానము నేనెరుగను. అయినను 2004 సునామీనాడు పెదగంజామునుండి దక్షిణముగా ఈ కాలువయే పొంగివచ్చిన నీటిని తనలో నింపుకొని, వెనుకటి పల్లెలను కొంత కాచినది.

మైలాపూరు రైలులో పోవు మనవారు ఒకమారు క్రిందికి చూతురుగాక. ఆ నల్లనినీటి గట్టుపట్టి ఉత్తరముగా నడచివచ్చినచో చినగంజాము ఉప్పుమడులు తగులును.