కంప్యూటర్‌లో 'డాక్యుమెంట్స్' ఫోల్డర్ మాయమైందా? కంగారు పడకుండా ముందు ఈ చోట్ల చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు సముద్ర వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో రూ.20 వేలకు పెరిగింది. నెల్లూరు జిల్లాలో మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఉన్న పాళేల్లో ఈ సాయం కోసం ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పడవ రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేసుకుంటారు. అటు ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న వాళ్లకైతే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ పత్రం, కౌలు కాగితం, కరెంటు బిల్లులు ఉండాలి.

ఈ కాగితాలను పెట్టెలో పెట్టి ఊరుకునే రోజులు పోయాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, నెల్లూరు నగరంలోని లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు బియ్యం, బట్టలతో పాటు బీరువాల్లోని పత్రాలూ తడిసిపోయాయి. అందుకే చాలామంది స్కాన్ చేయించి పిల్లల ల్యాప్‌టాప్‌లోనో, ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనో దాచుకుంటున్నారు. ఎక్కువగా అవి వెళ్లి చేరేది 'డాక్యుమెంట్స్' అనే ఫోల్డర్‌లోనే.

తీరా దరఖాస్తు పెట్టే రోజు కంప్యూటర్ తెరిస్తే ఎడమ పక్కన డెస్క్‌టాప్ ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఉంటుంది, డాక్యుమెంట్స్ మాత్రం కనిపించదు. లేదా ఫోల్డర్ ఉంటుంది కానీ లోపల ఏమీ ఉండదు.

ఈ సమస్య వచ్చినప్పుడు చాలా సందర్భాల్లో ఫైళ్లు పోవు. వాటికి దారి చూపే గుర్తు మాత్రమే పోతుంది. ఆ తేడా తెలియక కంగారులో చేసే పనులతోనే నిజమైన నష్టం జరుగుతుంది. కాబట్టి ముందు చేయకూడని పనులు చెబుతాం. ఫార్మాట్ కొట్టించొద్దు. 'క్లీనర్' అని ప్రచారం చేసుకునే సాఫ్ట్‌వేర్లు ఎక్కించొద్దు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయొద్దు. ఫైళ్లు దొరికే దాకా ఆ కంప్యూటర్‌లోకి కొత్తగా సినిమాలు, వీడియోలు దించొద్దు.

ముందు అసలు చిరునామాకు వెళ్లండి

మీ ఫైళ్లు ఉండే అసలు చోటు 'సీ' డ్రైవ్‌లో ఉంటుంది. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. అందులో 'దిస్ పీసీ', ఆ తర్వాత 'సీ' డ్రైవ్, ఆ తర్వాత 'యూజర్స్', అందులో మీ పేరున్న ఫోల్డర్. దాని లోపల 'డాక్యుమెంట్స్' ఉందేమో చూడండి.

ఉంటే మీ సమస్య దాదాపు తీరినట్టే. ఎవరో మౌస్ కుడి బటన్ నొక్కి 'అన్‌పిన్ ఫ్రమ్ క్విక్ యాక్సెస్' అన్నారు, అంతే. పిల్లలు ఆడుకుంటూ చేసినా ఇలాగే అవుతుంది. ఆ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి 'పిన్ టు క్విక్ యాక్సెస్' ఎంచుకుంటే మళ్లీ ఎడమ పక్కకు వచ్చేస్తుంది.

విండోస్ 10 నుంచి 11కి మారినవారికి ఇంకో తికమక ఉంది. పాతదానిలో 'దిస్ పీసీ' తెరవగానే డ్రైవ్‌ల పైన డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఆరు ఫోల్డర్లు కనిపించేవి. 2022లో వచ్చిన మార్పుల తర్వాత విండోస్ 11లో అక్కడ డ్రైవ్‌లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఫోల్డర్లు 'హోమ్' అనే పేజీలోకి వెళ్లాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో కొత్త విండోస్‌కు మారినవాళ్లలో 'నా ఫోల్డర్ పోయింది' అనుకునేవారు ఉంటారు. అది పోలేదు, గది మారింది.

ఎక్కువమంది చిక్కుకునేది వన్‌డ్రైవ్ దగ్గరే

ఫోల్డర్ కనిపించి లోపల ఖాళీగా ఉంటే మొదటి అనుమానం వన్‌డ్రైవ్ మీదే పెట్టుకోండి. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ. కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు 'మీ ఫోల్డర్లకు బ్యాకప్ పెట్టమంటారా' అని అడుగుతుంది. తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తాం. కొన్నిసార్లు మనం గమనించకుండానే ఈ బ్యాకప్ మొదలైపోతుంది కూడా.

బ్యాకప్ అనగానే 'నకలు తీసి ఎక్కడో పెడుతుంది' అనుకుంటాం. ఇక్కడ జరిగేది అది కాదు. మీ డాక్యుమెంట్స్ ఫోల్డరే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతుంది. అంటే చిరునామా 'యూజర్స్', మీ పేరు, 'వన్‌డ్రైవ్', 'డాక్యుమెంట్స్' అని మారుతుంది. పాత చోటుకు వెళ్లి చూస్తే ఫైళ్లుండవు. బ్యాకప్ ఆపేస్తే ఫైళ్లు వెనక్కి వస్తాయనుకుంటే అదీ గ్యారంటీ లేదు. చాలాసార్లు అవి వన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతాయి, పాత ఫోల్డర్‌లో 'వేర్ ఆర్ మై ఫైల్స్' అనే చిన్న షార్ట్‌కట్ మాత్రం మిగులుతుంది. దాన్ని వైరస్ అనుకుని తీసేయకండి. అదే దారి చూపేది.

ఫైల్ పక్కన నీలి మేఘం గుర్తు ఉంటే అది మీ కంప్యూటర్‌లో లేదు, ఇంటర్నెట్‌లో ఉంది. నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. తుపాను రోజుల్లో సిగ్నల్, కరెంటు రెండూ పోయే తీర గ్రామాల్లో ఈ సంగతి ముందే తెలియడం ముఖ్యం. అవసరమైన ఫైళ్ల మీద కుడి బటన్ నొక్కి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అని పెట్టుకుంటే నెట్ లేకపోయినా తెరవొచ్చు.

ఇక ప్రమాదం ఎక్కడంటే, వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. అది నిండగానే 'స్టోరేజ్ ఫుల్' అని హెచ్చరికలు మొదలవుతాయి. ఇవన్నీ నకళ్లే కదా అనుకుని వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి ఫైళ్లు తీసేస్తే, అవి కంప్యూటర్‌లోంచి కూడా పోతాయి. అలా పొరపాటు జరిగితే ఫోన్‌లోనైనా సరే అదే ఖాతాతో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడి రీసైకిల్ బిన్ చూడండి. వ్యక్తిగత ఖాతాల్లో తీసేసినవి 30 రోజుల వరకు అందులో ఉంటాయి. ఆ గడువు దాటితే వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

'డీ' డ్రైవ్, పెన్‌డ్రైవ్, వేరే ఖాతా

కంప్యూటర్ నెమ్మదిగా ఉందని రిపేరుకిస్తే, సీ డ్రైవ్‌లో చోటు మిగలడానికి డాక్యుమెంట్స్‌ను డీ డ్రైవ్‌కు మార్చడం మెకానిక్కులకు అలవాటు. తర్వాత ఆ డిస్కు తీసేసినా, పాడైనా 'లొకేషన్ ఈజ్ నాట్ అవైలబుల్' అని వస్తుంది. డాక్యుమెంట్స్ మీద కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్', అందులో 'లొకేషన్' చూస్తే కంప్యూటర్ ప్రస్తుతం ఏ చోటును డాక్యుమెంట్స్ అనుకుంటోందో తెలుస్తుంది. అక్కడే 'రీస్టోర్ డిఫాల్ట్' ఉంటుంది. కానీ ఫైళ్లు కూడా తరలించాలా అని అడిగితే, అవి ఎక్కడున్నాయో కళ్లారా చూశాకే 'ఎస్' నొక్కండి.

ఇలా ఫోల్డర్ చోటు మార్చుకున్నవాళ్లకు ఒకసారి మైక్రోసాఫ్టే నష్టం చేసింది. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్, డాక్యుమెంట్స్‌ను వేరే డ్రైవ్‌కు మార్చి కొన్ని ఫైళ్లను పాత చోటే వదిలేసిన కంప్యూటర్లలో ఆ పాత ఫోల్డర్‌ను ఫైళ్లతో సహా చెరిపేసింది. ఫిర్యాదులు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ సంస్థ అప్‌డేట్‌ను ఆపేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. నష్టపోయినట్టు ఫిర్యాదు చేసినవారు పది వేలలో ఒకరేనని కంపెనీ చెప్పింది. ఆ ఒక్కరు మీరైతే లెక్కతో ఏం పని? పెద్ద అప్‌డేట్‌కు ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలనడం అందుకే.

పెన్‌డ్రైవ్ అంటే గుర్తొచ్చింది. నెట్ సెంటర్లో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు పోయి, వాటి స్థానంలో చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్లు కనిపిస్తే అది వైరస్ పని. షార్ట్‌కట్ మీద నొక్కితే వైరస్ మీ కంప్యూటర్‌లోకీ వస్తుంది. నిజానికి అసలు ఫోల్డర్లు అందులోనే దాగి ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్ పైభాగంలో 'వ్యూ', 'షో', 'హిడెన్ ఐటమ్స్' అని పెడితే కొన్ని బయటపడతాయి. అప్పటికీ రాకపోతే 'ఫోల్డర్ ఆప్షన్స్'లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అన్నచోట టిక్కు తీసి చూడండి. పని అయ్యాక ఆ టిక్కు మళ్లీ పెట్టేయండి. ముందుగా యాంటీవైరస్‌తో స్కాన్ చేయించడం తప్పనిసరి.

ఒకే కంప్యూటర్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఎవరి ఖాతాకు వాళ్ల డాక్యుమెంట్స్ విడిగా ఉంటుంది. అబ్బాయి ఖాతాలో దాచి, అమ్మ ఖాతాలో వెతికితే దొరకదు. కొన్నిసార్లు విండోస్ మీ ఖాతాను తెరవలేక తాత్కాలిక ఖాతాలోకి తీసుకెళ్తుంది. డెస్క్‌టాప్ మీద మీరు పెట్టుకున్న ఫొటో పోయి, అంతా కొత్త కంప్యూటర్‌లా కనిపిస్తుంది. అప్పుడు చూడాల్సిన చోటు మళ్లీ 'యూజర్స్' ఫోల్డరే. మీ ఫైళ్లు అక్కడ మీ పేరుతో ఉంటాయి. ఆ తాత్కాలిక ఖాతాలో మాత్రం ఏదీ సేవ్ చేయొద్దు, సైన్ అవుట్ కాగానే అది చెరిగిపోతుంది. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి మామూలు అవుతుంది.

ఎక్కడా దొరక్కపోతే మా డెస్కులో పనికొచ్చే ఒక చిట్కా చెబుతాం. ఫైల్‌ను చివరిగా ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచారో, అంటే వర్డ్ గానీ పీడీఎఫ్ రీడర్ గానీ తెరిచి, 'రీసెంట్' జాబితా చూడండి. ఫైల్ పేరుతో పాటు అది ఉన్న చోటు కూడా అక్కడ కనిపిస్తుంది.

అంతా చేసినా దొరకలేదు. గడువేమో రేపే

కంప్యూటర్ సంగతి పక్కన పెట్టండి. ప్రభుత్వం ఇచ్చిన పత్రాల్లో చాలావాటిని మళ్లీ తెచ్చుకోవచ్చు.

2015లో మొదలైన డిజీలాకర్‌లో ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, బండి ఆర్సీ లాంటివి నేరుగా జారీ చేసిన శాఖ నుంచే వస్తాయి. అలా 'ఇష్యూడ్ డాక్యుమెంట్స్' విభాగంలో ఉన్నవి 2016 నాటి ఐటీ నిబంధనల ప్రకారం అసలు పత్రాలతో సమానం. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్నవాటికి ఆ హోదా ఉండదు, ఈ తేడా గుర్తుంచుకోండి. ఈ-ఆధార్‌ను ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. దాని పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం. అడంగల్, 1బీ మీభూమి పోర్టల్‌లో దొరుకుతాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ 95523 00009 నంబరులో పలు ధ్రువపత్రాలకు సంబంధించిన సేవలు అందిస్తోంది. ఫోన్ వాడడం రానివారు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడగొచ్చు. రిజిస్టర్ అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

ఏ పోర్టల్లోనూ దొరకనివి కొన్ని ఉన్నాయి. గుంట యజమానితో తెల్ల కాగితం మీద రాసుకున్న కౌలు ఒప్పందం, మేత కంపెనీ బిల్లులు, తుపానుకు పగిలిన పడవ ఫొటోలు, కొట్టుకుపోయిన వలల ఫొటోలు. నష్టపరిహారం దగ్గర, బ్యాంకు దగ్గర మీ మాటకు సాక్ష్యం ఇవే. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఒకే ఒక్క ప్రతిగా ఉండకూడనివీ ఇవే. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఇంట్లో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గరో, మీ సొంత ఈమెయిల్‌లోనో ఉంచుకోండి.

ఇవి నిజంగా చెరిగిపోయి ఉంటే, రీసైకిల్ బిన్‌లో కూడా లేకపోతే, కంప్యూటర్‌ను వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. పాత తరహా హార్డ్ డిస్క్ అయితే తిరిగొచ్చే అవకాశం కొంత మెరుగు. ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో చెరిపిన చోటును కంప్యూటరే త్వరగా శుభ్రం చేసేస్తుంది కాబట్టి ఆశ తక్కువ. ఎంత డబ్బు అవుతుందో, ఫైళ్లు రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే అడిగి తెలుసుకోండి.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో సేవ్ చేసి ఇంటికొచ్చినవారి విషయం వేరు. కొన్ని సెంటర్లలో రీస్టార్ట్ చేయగానే అంతా పాత స్థితికి వెళ్లిపోయేలా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు, మర్నాడు వెళ్తే మీ ఫైల్ ఉండదు. అలాంటి ఏర్పాటు లేని చోట ఇంకో ఇబ్బంది. మీ ఆధార్, పాస్‌బుక్ కాపీలు అక్కడి డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉండిపోతాయి, తర్వాత కూర్చున్న ఎవరైనా చూడొచ్చు. లేచే ముందు వాటిని మెయిల్‌కు పంపుకుని, ఆ ఫైళ్ల మీద షిఫ్ట్, డిలీట్ కీలు కలిపి నొక్కండి. ఉత్త డిలీట్ నొక్కితే అవి రీసైకిల్ బిన్‌లోనే ఉంటాయి.